నేరం డిస్కుదేనా?

ఈ వేళ అసెంబుల్డ్ కంప్యూటర్ల సంగతి మాట్లాడుకుందాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి, ఒక కొట్లో మదర్‌బోర్డు, ఇంకో కొట్లో ర్యాము, మరో కొట్లో క్యాబినెట్టు బేరమాడి తెచ్చుకుని, ఇంట్లో బల్ల మీద ఒక్కొక్కటే బిగించుకున్నవాళ్లకి ఆ యంత్రం మీదుండే మమకారం వేరు. అది మొరాయిస్తే బెంగ కూడా అంత ఎక్కువే.

మొరాయించే తీరు మీకు తెలిసే ఉంటుంది. ఏదో టైపు చేస్తుంటే మౌసు బిగుసుకుపోతుంది. క్యాబినెట్టు మీద డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అర నిమిషానికి ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతుంది. రెండ్రోజులకో బ్లూ స్క్రీను. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 'డిస్క్' అన్న పేరు మీద 7, 153 నంబర్లతో వరసగా ఫిర్యాదులు. ఇంకేముంది, ఎవరినడిగినా ఒకటే మాట: "డిస్కు పోయిందండీ, మార్చెయ్యండి."

ఆ మాట నేను అంత తొందరగా ఒప్పుకోను. ఎందుకో వినండి. హార్డ్ డిస్కు ప్రతి సెక్టారుతోపాటు దాన్ని సరిచూసుకునే కోడు కూడా రాసుకుంటుంది. సాటా కేబుల్ మీద వెళ్లే ప్రతి పొట్లానికీ సీఆర్‌సీ అనే లెక్క జతై ఉంటుంది. తేడా వస్తే పట్టుకుంటుంది, పద్దు రాస్తుంది. మరి మన ఇళ్లలో వాడే మామూలు ర్యాముకి? సర్వర్లలో ఉండే ఈసీసీ కాపలా దానికి లేదు. ఒక బిట్టు తిరగబడినా అడిగే దిక్కు లేదు. ర్యాములో చెడిన అక్షరాన్నే డిస్కు నమ్మకంగా రాసుకుంటుంది. రేపు ఫైలు తెరుచుకోకపోతే నింద డిస్కుకి. స్టేషన్‌కొచ్చి ఫిర్యాదు రాయించినవాణ్నే లాకప్పులో వేసినట్టుంటుంది ఈ న్యాయం.

అయితే అనుమానం ఎవరి మీదున్నా సరే, మొట్టమొదట ఫొటోలూ పిల్లల రికార్డులూ వేరే డిస్కులోకి కాపీ చేసెయ్యండి. పరీక్షలన్నీ ఆ తర్వాతే. డిస్కు లోంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంటే మటుకు వెంటనే ఆపెయ్యండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి. చప్పుడు లేకుండా అక్కడక్కడ చదవలేకపోతుంటే లినక్స్‌లో డీడీరెస్క్యూ ఉంది. అది బాగున్న భాగాలన్నీ ముందు లాగేసుకుని, చెడ్డచోట్లకి చివర్లో వస్తుంది. ఆ వరస నాకు చాలా ఇష్టం.

ఇప్పుడు డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పద్దు చూద్దాం. దాన్ని చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉచితంగా దొరుకుతుంది. 5వ నంబరు, డిస్కు పక్కన పెట్టేసి వేరే చోటికి మార్చిన సెక్టార్లు. 197, చదవలేక తీర్పు కోసం ఆపి ఉంచినవి. ఈ రెండూ పెరుగుతుంటే జబ్బు డిస్కులోనే. కానీ అవి సున్నా ఉండి 199 మాత్రమే పెరుగుతోందంటే, డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడుతోందన్నమాట. ఆ సాఫ్ట్‌వేర్‌లో 199 అని కనబడదు సుమా, 'సీ7' అని ఉంటుంది. డిస్కుని పారేసే ముందు ఆ సన్న సాటా కేబులు మార్చి చూడండి. క్లిప్పు లేని పాత కేబుళ్లు క్యాబినెట్టు అదురుకే కాస్త వదులవుతాయి. మదర్‌బోర్డు మీద పోర్టు కూడా మార్చి చూడండి.

ర్యాము దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. చాలామంది డిస్కు ఎర్రరు కనబడగానే చెక్‌డిస్క్ నడిపేస్తారు. ర్యాము చెడి ఉండగా ఆ పని చేస్తే, అది తప్పుడు లెక్కలతో ఫైల్ సిస్టమ్‌ని 'బాగుచేసి' డిస్కు మీద రాసేస్తుంది. అంతవరకూ బతికున్న ఫైళ్లు అప్పుడు పోతాయి. అందుకని ర్యాముని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ ముందు, చెక్‌డిస్క్ తర్వాత. మెమ్‌టెస్ట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి, రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ఒక్క ఎర్రరున్నా ఆ ర్యాము పనికిరానట్టే. "ఒకటే కదా" అనుకోడానికి లేదు. రెండు స్టిక్కులుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూస్తే దొంగ దొరుకుతుంది. ఆ స్టిక్కుని పారెయ్యబోయే ముందు మరో రెండు పనులున్నాయి. ఒకటి, బయాస్‌లో ర్యాము వేగం పెంచే ఎక్స్‌ఎంపీని ఆపెయ్యండి. పెట్టె మీద 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యాము చాలావరకు 2133కో 2400కో తనంతట తాను నడుస్తుంది. మిగతాది మనం తోలే వేగం. రెండోది, పెన్సిలు రబ్బరుతో ర్యాము పిన్నులు మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్లీ గట్టిగా బిగించడం. మన రిపేరు కుర్రాళ్ల ఈ చిట్కాని తేలిగ్గా తీసెయ్యకండి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఆ పిన్నులు మసకబారుతాయి.

ఇక ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై. గ్రాఫిక్స్ కార్డుకి డబ్బంతా పోసి దీని దగ్గర చెయ్యి బిగబట్టడం నాకు బాధగా ఉంటుంది. 3.5 అంగుళాల డిస్కులో మోటారు తిరిగేది 12 వోల్టుల లైను మీద. అది 11.4 కంటే కిందకి దిగకూడదు. గేము మొదలెట్టగానే డిస్కు మాయమైతే, ఈ లైనునే అనుమానించండి. ఒకే వైరుకి స్ప్లిట్టర్లు తగిలించి నాలుగు డిస్కులకి పంచడం అసలే వద్దు. యూపీఎస్ ఉన్నా ప్లగ్గులో ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌చేత ఒకసారి చూపించండి.

కేబులు మార్చాక ఓ మాట గుర్తుంచుకోండి: 199 దగ్గరి సంఖ్య వెనక్కి తగ్గదు, సున్నా అవ్వదు. ఇవాళ ఎంతుందో కాగితం మీద రాసి ఉంచుకోండి. వారం రోజులు మామూలుగా పని చేసుకున్నాక మళ్లీ తెరిచి చూడండి. అదే సంఖ్య కదలకుండా ఉంటే, ఆ డిస్కుని నిక్షేపంగా వాడుకోవచ్చు.