జేమ్స్ హాంగ్ పెట్టిన సిక్ లీవులు

జేమ్స్ హాంగ్ అంటే ఎవరో తెలియకపోయినా ఆయన్ని మీరు చూసే ఉంటారు. కనీసం విని ఉంటారు. 'కుంగ్ ఫూ పాండా'లో పాండాని కొడుకులా పెంచుకున్న నూడుల్స్ కొట్టు బాతు గొంతు ఆయనదే. 'బ్లేడ్ రన్నర్'లో గడ్డకట్టే చలిగదిలో కృత్రిమమైన కళ్లు తయారుచేసేది ఆయనే. 1991లో వచ్చిన 'సైన్‌ఫెల్డ్' ఎపిసోడ్ ఒకటుంది, కథంతా చైనీస్ రెస్టారెంట్‌లో టేబుల్ కోసం ఎదురుచూడటమే. వాళ్లని అంతసేపూ నిలబెట్టే మేనేజరూ ఆయనే. సినిమాలు, టీవీ, వీడియో గేములు కలిపితే 600కి పైగా పాత్రలు. హాస్టల్లో ఆ ఎపిసోడ్ చూసి మేమంతా పడీపడీ నవ్వుకున్నాం. ఆ నటుడి పేరేంటని ఒక్కడూ అడగలేదు.

ఆయన మీద నాకు ఆసక్తి కలిగింది నటన వల్ల కాదు, డిగ్రీ వల్ల. 1929లో మినియాపొలిస్‌లో పుట్టాడు. తండ్రికి మూలికల దుకాణం. సివిల్ ఇంజనీరింగ్ చదివి లాస్ ఏంజెలెస్ కౌంటీలో రోడ్ల ఇంజనీరుగా ఏడాదిన్నర పనిచేశాడు. ఉన్న సెలవులూ, సిక్ లీవులూ షూటింగులకి వాడేసుకుని, చివరికి ఉద్యోగమే మానేశాడు. ఇలాంటివాడు మన ప్రతి ఇంజనీరింగ్ బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. మిగతావాళ్లం వాడి షార్ట్ ఫిల్మ్‌కి ఒక లైక్ కొట్టి సోమవారం మీటింగ్‌కి వెళ్లిపోతాం. అయితే మనవాడు కనీసం హీరో అవుతానని కలగనొచ్చు. 1950ల హాలీవుడ్‌లో చైనా మొహం ఉన్నవాడికి ఆ కల కూడా లేదు.

ఎందుకంటే చైనావాళ్ల కథల్లో కూడా చైనావాళ్లకి పెద్ద పాత్రలు ఇచ్చేవాళ్లు కాదు. 1937 నాటి 'ద గుడ్ ఎర్త్'లో చైనా రైతు భార్యగా వేసి ఆస్కార్ తీసుకున్నది లూయీస్ రైనర్ అనే తెల్ల నటి. ఇరవై ఏళ్ల తర్వాత టీవీలో చార్లీ చాన్ డిటెక్టివ్ సీరీస్ వచ్చింది. అందులో చాన్‌గా వేసింది జె. కారల్ నైష్ అనే ఐరిష్ సంతతి నటుడు. నిజంగా చైనీయుడైన హాంగ్‌కి కొడుకు పాత్ర. ఒకసారి హాంగ్ డైలాగ్ అందించడం మర్చిపోతే, చైనీస్ నటులకి నటన నేర్పడానికి ఇదేమన్నా బడా అని నైష్ సెట్లో కేకలేశాడనీ, ఆ గొడవతో తన ఉద్యోగం పోయిందనీ హాంగ్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

ఇక మిగిలినవి లాండ్రీవాడు, వంటవాడు, విలన్ పక్కనుండేవాడు. అమెరికాలో ఇంజనీరింగ్ చదివిన మనిషి కెమెరా ముందు వచ్చీరాని ఇంగ్లీష్ మాట్లాడాలి. నా మొదటి ఉద్యోగంలో దీనికి సరిగ్గా తలకిందులు. క్లయింట్ కాల్స్‌లో కూర్చోబెట్టే ముందు మూడు వారాలు 'న్యూట్రల్ యాక్సెంట్' ట్రైనింగ్ ఇచ్చారు. మాకేమో యాస తీసెయ్యమన్నారు, ఆయన్నేమో పెట్టమన్నారు. రెండు చోట్లా మన గొంతు ఎలా ఉండాలో తేల్చేది వినేవాడే. మనమేం తక్కువ తినలేదు లెండి. మన సినిమాల్లో గూర్ఖా చేత, మార్వాడీ సేఠ్ చేత మాట్లాడించిన తెలుగు గుర్తు తెచ్చుకోండి. ఆ హాల్లో నవ్వింది మనమే.

1965లో మాకో, బ్యూలా క్వో లాంటి మరో ఎనిమిది మందితో కలిసి హాంగ్ లాస్ ఏంజెలెస్‌లో 'ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్' అనే నాటక సంస్థ పెట్టాడు. మొదటి నాటకం 'రషోమన్'. తొలి రోజుల్లో వేదిక ఒక చర్చి బేస్‌మెంట్. అందులో దొంగైనా, భర్తైనా, భార్యైనా ఆసియా మొహమే. అదే ఏడాది అమెరికా వలస చట్టం మారి దేశాలవారీ కోటాలు పోయాయి. మన డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్ద ఎత్తున అటు వెళ్లడం ఆ తర్వాతి కథ. అంటే మనవాళ్లు అక్కడ అడుగుపెట్టేసరికే, యాస పెట్టకుండా నటించే చోటు కోసం వీళ్లు పోట్లాట మొదలుపెట్టేశారన్నమాట.

ఇక్కడితో ఆపేస్తే మంచి విజయగాథ. కానీ 1974లో 'చైనాటౌన్' వచ్చింది. సినిమా పేరే చైనాటౌన్, అందులో చైనావాళ్లు మాత్రం బట్లరూ, పనిమనిషీ. బట్లర్ జేమ్స్ హాంగ్. పనిమనిషి బ్యూలా క్వో. తొమ్మిదేళ్ల క్రితం సొంత నాటక సంస్థ పెట్టిన ఇద్దరూ మళ్లీ తలుపు తీసే పాత్రల్లోనే!

ఈ సంగతి చెబితే నా ఫ్రెండ్ ఒకడు, "మరి ఒప్పుకోకుండా ఉండాల్సింది కదా" అన్నాడు. వాడి మాటలో న్యాయముంది. 'చైనాటౌన్' చూసిన లక్షల మందిలో ఆ బేస్‌మెంట్‌కి వెళ్లినవాళ్లు ఎందరుంటారు? వాళ్లకి ఆ బట్లరే చైనీయుడు. ఆ నష్టం ఏ నాటకంతోనూ పూడదు. కానీ ఈయన కాదంటే ఆ పాత్ర ఆగదు, కళ్లకి టేపు అంటించుకుని ఇంకొకడు వేస్తాడు. అద్దె ఎలాగూ కట్టాలి. బట్లర్ వేషం వేస్తూనే, బట్లర్ కానక్కర్లేని చోటు ఒకటి ఊళ్లో నిలబెట్టడం నాకు రాజీలా అనిపించదు. నేనూ ఆ న్యూట్రల్ యాక్సెంట్‌తోనే పన్నెండేళ్లుగా జీతం తీసుకుంటున్నాను, సిగ్గేం లేదు. రాత్రి పదకొండు తర్వాత తెలుగులో ఇలాంటివి రాసుకునే చోటు కూడా లేకపోతే మాత్రం, ఆ యాక్సెంటే నేననుకునేవాణ్ణి.

2022లో, 93వ ఏట, హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ మీద ఆయన పేరుతో నక్షత్రం పడింది. దానికయ్యే డబ్బు, నటుడు డేనియల్ డే కిమ్ పిలుపునిస్తే, జనం చందాలేసి కట్టారు. మరుసటేడు 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' బృందంతో నటుల సంఘం అవార్డు అందుకుంటూ, ఆసియావాళ్లతో సినిమాలు ఆడవని నిర్మాతలు అనే రోజుల్ని వేదిక మీదే గుర్తుచేశాడు. హాలంతా లేచి చప్పట్లు. నాకు మాత్రం ఆ చప్పట్ల కన్నా ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్ ఇప్పటికీ నడుస్తుండటమే పెద్ద విషయం. లిటిల్ టోక్యోలో వాళ్లకిప్పుడు సొంత థియేటర్ ఉంది. ఏ కుర్రాడైనా సిక్ లీవ్ పెట్టి ఆడిషన్‌కి వెళ్లొచ్చు. యాస పెట్టమని అక్కడ ఎవరూ అడగరు.