మూగవస్తువుల నాడి

సంతలో కుండ కొనే ఇల్లాలు దానిని చేతిలోకి తీసుకొని, వేలితో తట్టి, చెవి యొగ్గి వింటుంది. ఖంగుమని మోగితే కొంటుంది. బొంగురుగా పలికితే పక్కన పెడుతుంది. వస్తువు తన లోపాన్ని తానై చెప్పుకోలేదు. దానిని పలికించి, విని, అర్థం చేసుకోవలసిన బాధ్యత మనిషిదే. వంతెనలనూ అంతరిక్ష నౌకలనూ కనిపెట్టి ఉండే నేటి సెన్సర్ల వెనుక ఉన్నది కూడా ఈ వివేకమే.

బరువు మోసే ప్రతి వస్తువూ లేశమాత్రమైనా సాగుతుంది, లేదా కుంచించుకుపోతుంది. మొదటి పొడవుతో పోల్చి చూసిన ఆ మార్పునే శాస్త్రజ్ఞులు 'వికృతి' అంటారు. కిలోమీటరు పొడవుగల కడ్డీ ఒక్క మిల్లీమీటరు సాగినా ఆ మార్పును పసిగట్టగలగాలి. లోహపు తీగను సాగదీస్తే దాని విద్యున్నిరోధం మారుతుందని లార్డ్ కెల్విన్ 1856లో గుర్తించాడు. ఆ సూత్రం ఆధారంగా 1938లో అమెరికాలో స్ట్రెయిన్ గేజ్ రూపొందింది. అటుపై 1978లో కెనడాకు చెందిన కెన్నెత్ హిల్, ఆయన సహచరులు కాంతి సహాయంతోనే ఆప్టికల్ ఫైబర్ లోపల అతిసూక్ష్మమైన గీతల వరుసను ఏర్పరచవచ్చునని కనుగొన్నారు. ఆ వరుస తనగుండా పోయే కాంతిలో ఒకే తరంగదైర్ఘ్యాన్ని వెనుకకు పంపుతుంది. ఫైబర్ సాగితే గీతల నడిమి దూరం పెరిగి, తిరిగివచ్చే తరంగదైర్ఘ్యం మారుతుంది. ఆ మార్పే వికృతికి కొలత. సన్నని గాజుపోగు ఒక్కదానిపైనే ఇటువంటి సెన్సర్లను అనేకం అమర్చవచ్చు.

అయితే కొలిచే సాధనం ఉండడం వేరు, కొలత సకాలంలో చేరడం వేరు. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక ఏడుగురు వ్యోమగాములతో నింగికెగసింది. హర్యానాలోని కర్నాల్‌లో జన్మించిన కల్పనా చావ్లా వారిలో ఒకరు. బయలుదేరిన సుమారు 82 సెకన్లకు ఇంధన ట్యాంకు పైపూత నుండి ఒక నురుగు ముక్క ఊడి, ఎడమ రెక్క అంచును ఢీకొంది. దాని బరువు కిలోగ్రాముకు లోపే. కెమెరాలు ఆ దృశ్యాన్ని చిత్రించాయి. కక్ష్యలో ఉన్న నౌకను ఫోటోలు తీయించి గాయాన్ని పరిశీలించాలని కొందరు ఇంజనీర్లు కోరారు. ఆ కోరిక నెరవేరలేదు. నురుగు తాకిడికి నౌకకు ముప్పు రాదన్న ధీమాయే నెగ్గింది. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో, రెక్కకు పడిన రంధ్రంగుండా వేడివాయువులు లోపలికి చొరబడ్డాయి. నౌక ఛిన్నాభిన్నమైంది. ఏడుగురూ అసువులు బాశారు.

ఆ శిథిలాలలో వెదకగా మార్చి నెలలో టెక్సాస్‌లో ఒక రికార్డర్ దొరికింది. ఎడమ రెక్కలోని స్ట్రెయిన్ గేజ్ ఒకటి, నౌక విచ్ఛిన్నం కావడానికి దాదాపు 11 నిమిషాల ముందే అసాధారణమైన మార్పును పసిగట్టినట్లు అందులో నమోదై ఉంది. రెక్క తన బాధను చెప్పుకొంది. కాని ఆ మాట నౌకలోనే నిక్షిప్తమైపోయింది. దానిని అప్పటికప్పుడు భూమికి చేర్చే ఏర్పాటు లేదు. చేరినా, దిగుడు మొదలైన తరువాత చేయగలిగింది స్వల్పమే. ప్రశ్నించవలసిన కాలం అంతకుముందు కక్ష్యలో గడచిన రోజులు.

ఆ పాఠం వృథా పోలేదు. 2005 జూలై 26న డిస్కవరీ నౌక బయలుదేరేనాటికి ఒక్కొక్క రెక్క అంచు వెనుక 66 త్వరణమాపకాలను అమర్చారు. రెక్కకు తాకిడి తగిలితే పుట్టే కంపనాన్ని అవి నమోదు చేసేవి. ఆ సమాచారం యాత్ర సాగుతుండగానే భూమికి చేరేది. కక్ష్యలో కెమెరాలతో, లేజర్లతో రెక్కలను పరీక్షించడం కూడా ఆనాటి నుండి నియమమైంది.

నేలమీద కూడా ఇటువంటి మార్పే వచ్చింది. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో 2007 ఆగస్టు 1న మిసిసిపీ నదిపై వంతెన కూలి 13 మంది మరణించారు. 2008లో దాని స్థానంలో వెలసిన కొత్త వంతెనలో 300కు పైగా సెన్సర్లను పొందుపరిచారు. వాటిలో ఆప్టికల్ ఫైబర్ సెన్సర్లూ ఉన్నాయి.

సెన్సర్ చెప్పేది ఒక సంఖ్య మాత్రమే. అది ప్రమాదమా కాదా అని విచారించేది మనిషి. అనుమానం కలిగినప్పుడు నోరు విప్పి అడగవలసినదీ, అడిగినవారి మాటను మన్నించవలసినదీ మనిషే. రేపు ఇంజనీర్లూ అధికారులూ కానున్న యువతీయువకులు పరికరాల వాడకంతోపాటు ఈ గుణాన్నీ అలవరచుకోవాలి. వినే మనసు లేనిచోట ఎంత సున్నితమైన గాజుపోగైనా మూగదే.