చేవ్రాలు

మా ఇంట్లో అందరికీ తెలుగు వచ్చు. చదవడం మాత్రం నాన్నతోనే ఆగిపోయింది. నాన్న పోయాక ఇనప్పెట్టెలో 1951 నాటి దస్తావేజు ఒకటి దొరికేదాకా నాకు అదొక లోటని కూడా తోచలేదు.

తాత చిన్న వయసులోనే పోయాడు. ఆ తరవాత ఆయన అన్నదమ్ములు భాగాలు పంచుకుంటూ రాయించిన కాగితం అది. అప్పటికి మా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. మావాళ్ల రాతకోతలన్నీ తెలుగులోనే. పొలం హద్దు తేల్చుకోవలసి వచ్చి పెట్టె వెతికాం. తమ్ముడు, పిన్ని, నేను ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాం. ముగ్గురం తెలుగులోనే మాట్లాడుకుంటున్నాం, ఎదురుగా ఉన్న తెలుగు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి ఆంధ్రలోని నగరికి పోయి, ఒక దస్తావేజు లేఖరి దగ్గర కూర్చున్నాం.

"చదవతా వినండమ్మా" అని ఆయన గుక్క తిప్పుకోకుండా చదివాడు. తూర్పున వంక, పడమట చింతమాను, ఉత్తరాన బండిబాట, కపిలబావిలో మూడో వంతు నీళ్లు, పల్లంలో రెండు కయ్యలు. వంక, మాను, కపిల, కయ్య. ఇవన్నీ అవ్వ నోట విన్న మాటలే. నోటి మాటలనే అనుకున్నాను ఇన్నాళ్లూ. స్టాంపు కాగితం మీద నల్ల సిరాతో, ఒక భూమికి నాలుగు వైపులా కాపలా కాసేంత బలం వాటికి ఉందని ఆరోజు తెలిసింది. పిన్ని కళ్లు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా సొంత మాట మాకు ఇంకొకరు చదివి వినిపించాలా?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రెండు రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం ఇటు కొన్ని ఊళ్లు, అటు కొన్ని ఊళ్లు మారాయి. సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు వెళ్లాయి. తిరుత్తణి కోసం మ.పొ. శివజ్ఞానం లాంటి తమిళ నాయకులు ఏళ్ల తరబడి పోరాడారు. వాళ్లకు వాళ్ల భాష మీద ఉన్న ప్రేమను నేను తప్పుపట్టలేను. నేను తమిళంలో చదువుకున్నదాన్ని, ఇవాళ్టికీ లెక్కలు తమిళంలోనే వేసుకుంటాను. అవ్వకు మాత్రం ఆ ఏప్రిల్ ఒక కాలమానం అయిపోయింది. ఎవరు ఎప్పుడు పుట్టారని అడిగితే, "చిత్తూరు జిల్లాలో ఉండినప్పుడు" అనో, "ఇట్లా వచ్చినాక" అనో చెప్పేది.

నాన్న తెలుగు అక్షరాలతో మొదలుపెట్టిన చదువును తమిళంలో ముగించాడు. ఆయనకు చదవడం వచ్చేది. నేను అడగలేదు, ఆయన నేర్పలేదు. బడి రికార్డుల్లో మా ఇంటిపేరు కూడా పోయింది. నాన్న పేరులోని మొదటి అక్షరమే నాకు ఇనిషియల్ అయింది. ఇదే తిరుత్తణిలో 1888లో పుట్టిన రాధాకృష్ణన్‌గారి ముందు మాత్రం సర్వేపల్లి నిలబడింది. నెల్లూరు సీమలోని ఊరిపేరు అది. ఇంటిపేరంటే ఒక్కోసారి పెద్దలు నడిచి వచ్చిన దారి. మాది ఏ ఊరి దారో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

చదవడం నేర్చుకుందామని తిరుపతిలో పెద్ద బాలశిక్ష కొన్నాను. పుదూరు సీతారామశాస్త్రి 1832లో మద్రాసులో వెలువరించిన బాలశిక్షకు ఇది వారసురాలు. తెలుగు పిల్లలకు తరతరాలుగా అక్షరాలు దిద్దించిన పుస్తకం పుట్టింది మా ఇంటికి రెండు మూడు గంటల దూరంలోనే అని తెలిశాక, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుంటున్నానన్న బెరుకు పోయింది.

ఉద్యోగానికి రోజూ తిరువళ్లూరు వెళ్లాలి. పొద్దున రైల్లో అరక్కోణం దాటాక చోటు దొరికితే పుస్తకం తెరుస్తాను. తిరువాలంగాడు వచ్చేలోగా ఒక గుణింతం. అక్షరాల మీద గుర్తుల పేర్లు చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. తలకట్టు, కొమ్ము, సుడి. 'ఇ' చేర్చే గుర్తు పేరు గుడి. మురుగన్ కొండకు 365 మెట్లెక్కి పెరిగిన నాకు, గుడి అని రాస్తే అందులోని 'డి' నెత్తిన ఒక గుడి ఉంటుందని నలభై ఎనిమిదో ఏట తెలిసింది.

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అందరం తెలుగు మాటల్ని తమిళ లిపిలో రాసుకుంటాం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. తమిళానికి అది చాలు, ఎక్కడ ఎలా పలకాలో ఆ భాషకు తెలుసు. మన మాటకు చాలదు. "గుడి పక్కన" అని రాసినా, "కుడి పక్కన" అని రాసినా ఒకటే. తాత, దాత ఒకటే. పాట, బాట ఒకటే. అలా రాసీ రాసీ మా నోట్లోనూ తేడాలు అరిగిపోయాయి. 'బాధ'లో ఒత్తు ఉందని పుస్తకంలో చూశాక, ఆ మాటను మెల్లగా నాలుగైదుసార్లు పలికి చూసుకున్నాను. మాటకు బరువు పెరిగినట్టనిపించింది. తమిళం నాకు చేసిన సాయమూ ఉంది. పాత దస్తావేజులోని బండి 'ఱ' చాలామంది తెలుగువాళ్లకు ఇప్పుడు ఎందుకో తెలియదట. తమిళంలో రెండు 'ర'లు రాస్తూ పెరిగినదాన్ని కనక నాకు అది పాత చుట్టంలా కనిపించింది.

రైల్లో స్నేహితులు అడుగుతారు, "ఇప్పుడెందుకక్కా? ఉద్యోగానికి పనికొస్తుందా?" అని. ఒకరికి దస్తావేజు సంగతి చెప్పాను. ఇంకొకరికి, కూతురికి నేర్పాలని అన్నాను. నా కూతురు చదువుకునే రోజుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయింది, 2006 చట్టంతో. అది న్యాయమే, ఈ నేల భాష అది. కానీ దాని పక్కన తెలుగుకు ఒక పలక కొనివ్వవలసింది నేను. కొనలేదు.

వేల్స్ దేశం గురించి చదివినప్పుడు ఈ తప్పు నాకు ఇంకా స్పష్టంగా కనిపించింది. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని బళ్లలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసేవాళ్లు. 1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత తన భాష చచ్చిపోబోతోందని రేడియోలో హెచ్చరించాడు. 2021 జనగణనలో ఆ భాష వచ్చినవాళ్లు దాదాపు 5,38,000 మంది, మూడేళ్లు, ఆపైన వయసున్న జనాభాలో 17.8 శాతం. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషను పెద్దయ్యాక తరగతులకు వెళ్లి, మాట మాట కూడబలుక్కుంటూ నేర్చుకునేవాళ్లు అక్కడ వేలమంది ఉన్నారు. నాకైతే మాట ఊరికే దొరికింది. మా మెడలో ఎవరూ చెక్క వేలాడదీయలేదు. ఎవరూ వద్దనలేదు. అయినా రెండు తరాల్లో అక్షరం మా గడప దాటి వెళ్లిపోయింది, వెళ్తుంటే మేం ఆపలేదు.

మొన్న ఆడికృత్తిక పండగ సెలవుకు దస్తావేజు మళ్లీ తీశాను. ఈసారి ఒక్కదాన్నే. మొదటి పేజీకి గంట పట్టింది. లేఖరి చదివి వినిపించని చోటు చివర ఒకటుంది. "చేవ్రాళ్లు ఉండాయి" అని ఆయన కాగితం మడిచిచ్చాడు అప్పుడు. ఆ పేర్ల వరసలో అవ్వది మూడోది, మైనరు కొడుకు తరఫున. ఇసకలో వేలితో దిద్దుకున్న చదువు ఆమెది. కాగితం రాసినాయన ఆమె పేరును ఒత్తులతో సహా నిండుగా రాశాడు. అవ్వ తను పలికినట్టే, ఒత్తు లేకుండా రాసుకుంది. మొదటి అక్షరం కాగితం చిరిగేంత నొక్కి ఉంది. చివరిది గీత కిందికి జారింది. మధ్యలో ఒక దీర్ఘం పెట్టి, కొట్టేసి, మళ్లీ పెట్టింది.