చేతులు కడిగావా అమ్మా?

తెల్లారకముందే ఉద్దానంలో కొన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతాయి. జీడితోటకో, వేటకో వెళ్లడానికి కాదు... డయాలసిస్‌కు!

వజ్రపుకొత్తూరు వైపున్న ఓ పల్లెలో ఆ ముసలి దంపతులదీ అదే దినచర్య. వారానికి రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ఆయన లోపల మంచమ్మీద, ఆమె బయట బల్లమీద. ఒకప్పుడు ఇందుకోసం విశాఖ దాకా పోయేవాళ్లు. తర్వాత పలాస, టెక్కలి, సోంపేటల్లో కేంద్రాలొచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. దూరం తగ్గింది. ఆమె భయం మాత్రం తగ్గలేదు.

దానికి కారణం ఓ జ్వరం. చేతికి ఫిస్టులా ఇంకా సిద్ధం కాని రోజుల్లో ఆయన మెడ దగ్గర గొట్టం పెట్టారు. ఓసారి మిషన్ ఎక్కిన అరగంటకే ఒకటే వణుకు. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగలేదు. గొట్టం ద్వారా క్రిములు రక్తంలో చేరాయన్నారు డాక్టర్లు. బతికి బయటపడేసరికి పది రోజులు పట్టింది.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఈ జ్వరానికి మాత్రం దారి తెలుసు, ఆ దారి మూసే మందూ తెలుసు. సబ్బు, నీళ్లు! ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లే చేతులను కడగాలి. గ్లోవ్స్ మనిషి మనిషికీ మార్చాలి, తీశాకా చేతులు కడగాలి. హెపటైటిస్-బి క్రిమి పొడి ఉపరితలం మీద కనీసం 7 రోజులు బతుకుతుంది. అందుకే ప్రతి రోగి లేచాక మిషన్, మంచం తుడవాలి. ఆ జబ్బున్నవారికి వేరే మిషన్ ఉండాలి, లేనివారికి టీకా వేయాలి.

ఇదంతా ఓ డాక్టరు ఓపిగ్గా చెబితే ఆమె విన్నది. కానీ అడిగేదెలా? వారానికి రెండుసార్లు మొహాలు చూసుకోవాల్సిన మనుషులు. కోపమొస్తే? 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ చేతులు కడుక్కోమంటే బాలింతల చావులు తగ్గాయి. అయినా చాలామంది డాక్టర్లకు ఆ మాట రుచించలేదు. ఇక పల్లెటూరి మనిషి మాటెంత?

ఓ ఉదయం, పక్క మంచం దగ్గర్నుంచి నర్సు నేరుగా ఇటు వస్తోంది. ఆమె గొంతు పెగుల్చుకుంది.

"పాపా... సేతులు కడిగావా అమ్మా?"

"ఊరుకోయే! ఆలకి తెల్దేటి?" కసిరాడాయన.

నర్సు ఒక్కక్షణం ఆగింది. ఆ ఉదయం అప్పటికే ఎన్నో మంచాలు తిరిగింది. మొహం చిన్నబుచ్చుకుని కుళాయి దగ్గరికెళ్లింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చి, కొత్త గ్లోవ్స్ తొడుక్కుంటూ అంది.

"అడగడమే మంచిది పెద్దమ్మా. ఒక్కోసారి హడావిడిలో మర్చిపోతాం."

ఆ తర్వాత ఆమె కూడా ఓ పని నేర్చుకుంది. మిషన్ ఎక్కేముందు ఆయన ఫిస్టులా చేతిని సబ్బుతో తనే కడుగుతుంది. మొన్నోరోజు పక్క మంచం కుర్రాడు నర్సును చూసి నవ్వుతూ అడిగాడట... "సిస్టరూ, సేతులు కడిగావా?"

బయట బల్లమీద ఆమె ఆ మాట విని, చాలా రోజుల తర్వాత కాస్త కునుకు తీసింది.