మాత్ర చెప్పని మాట

‘మాత్రలు వేసుకుంటున్నావా?’... ముప్ఫై ఏళ్ల నర్సు ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. ‘ఆఁ, వేసుకుంటున్నానమ్మా’... ఎక్కువసార్లు విన్న జవాబు అదే. అన్నీ నిజాలు కావని మాకూ తెలుసు. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో మందులు సరిగ్గా వాడేది సంపన్న దేశాల్లో సైతం సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

మొన్న ఫార్మసీ చదివే మా మేనకోడలు డిజిటల్ మాత్ర గురించి చెప్పింది. లోపల ఇసుక రేణువంత సెన్సర్. కడుపులో ఆమ్లం తగలగానే అది సంకేతం పంపుతుంది. ఒంటికి అంటించుకున్న పట్టీ దాన్ని అందుకుని సెల్‌ఫోన్‌కు చేరవేస్తుంది. రోగి ఒప్పుకుంటే డాక్టరుకూ తెలుస్తుంది. అమెరికాలో 2017లో ఒక మానసిక వ్యాధి మందుకు ఇలా అనుమతి వచ్చింది. సెన్సర్ తయారుచేసిన కంపెనీ మాత్రం 2020లో దివాలా తీసింది.

‘‘మీ రోజుల్లో ఇది ఉంటే ఎంత బాగుండేదో కదా అత్తా!’’ అంది. నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు.

అది 2004. మా టీబీ సెంటర్లో డాట్స్ పద్ధతి నడిచేది. రోగులు వారానికి మూడు రోజులు వచ్చి మా కళ్లెదుటే ఏడేసి మాత్రలు మింగాలి. రిఫాంపిసిన్ పడితే మూత్రం నారింజ రంగులో వస్తుంది. మాకు అదే సెన్సర్! ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. ‘ఎర్రగానే వస్తోందమ్మా’ అనేవాడు. ఓరోజు బుగ్గన దాచిన మాత్రలు గేటు బయట ఉమ్మేస్తుంటే మా ఆయా చూసింది. అందరి ముందూ దులిపేశాను. ‘ఊరికే వస్తే విలువ తెలియదు’ అన్నాను. తలొంచుకుని వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

ఐదు నెలల తర్వాత భార్య తీసుకొచ్చింది. ఎముకల గూడులా ఉన్నాడు. ఈసారి ఎనిమిది నెలల కోర్సు, అందులో రెండు నెలలు సూదులు. అప్పుడు చెప్పిందామె... ‘‘పొద్దున్నే ఏమీ తినకుండా పనికెళ్తాడమ్మా. మధ్యలో ఇక్కడికొచ్చి మింగితే కడుపులో తిప్పేది. వాంతులైతే బస్తా ఎత్తలేడు. ఎత్తకపోతే ఆ పూట కూలి లేదు.’’

డాక్టరుగారిని అడిగి వేళ మార్చాం. సూదులకు సాయంత్రాలు నేనే ఆగాను. తర్వాత మాత్రలు వాళ్ల వీధి అంగన్‌వాడీ టీచరుకు అప్పగించాం. పనయ్యాక, కాస్త తిని వేసుకునేవాడు. కోర్సు పూర్తిచేశాడు.

యంత్రాల మీద నాకు కోపం లేదు. మన దగ్గరా టీబీ మాత్రల అట్టలో దాచిన నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చే పద్ధతి వచ్చింది. ఎవరు మానేశారో వెంటనే తెలిస్తే పని తేలికని కుర్ర నర్సులు సంతోషించారు. రోగికి కాపలా కాసినట్టుందని మాలాంటి పాతవాళ్లు గొణిగారు. ఇద్దరిదీ నిజమే. కానీ హమాలీ మింగడం లేదని నాకు ఆ రోజే తెలిసింది కదా! తెలిసి నేను చేసిందేమిటి? తిట్టడం.

అందుకే మేనకోడలికి ఒకటే చెప్పాను. ‘‘మాత్ర మింగలేదని ఫోను చెప్పిన రోజున, ముందు ‘అన్నం తిన్నావా’ అని అడగవే.’’