నల్లపలకైన క్యాలిక్యులేటర్

మార్కాపురంలో ఆ సెల్‌ఫోన్ రిపేరు కొట్టుకి నన్ను తీసుకెళ్లింది పలకల ఫ్యాక్టరీ గుమస్తా. ఒకప్పుడు దేశంలో ఎందరో బడిపిల్లల ఒళ్లోకి ఈ ఊరి పలకలు వెళ్లేవి. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ రాయే గోడలకూ నేలకూ పరిచే బండలై విదేశాలకు పోతోంది. లెక్కంతా చదరపు అడుగుల్లో. రాత్రి లారీకి ఎత్తేటప్పుడు కరెంటు పోతే క్యాలిక్యులేటర్ కనపడదు, అదీ ఆయన బాధ.

"ఫోన్లో ఉంది గదన్నా" అన్నాను.

అరచేతులు చాపాడు. వేళ్ల గీతల్లో బూడిదరంగు రాతిదుమ్ము. "ఈ చేత్తో ఒకటి నొక్కితే ఫోను నాలుగంటది సార్. బొత్తాలే నయం."

తెర వెనక దీపం పెట్టడానికి మెకానిక్ కుర్రాడు క్యాలిక్యులేటర్ మరలు విప్పాడు. "మొన్నొకదాని గాజు పగలగొట్టినా, ముందే చెప్తున్నా" అంటూ బ్లేడు తీశాడు. ఎల్‌సీడీకి సొంత వెలుగు లేదు. గాజుకు ముందొకటి, వెనకొకటి పోలరైజర్ పొరలు; వెనక పొరకు అంటుకుని వెండిరేకులాంటి పొర. బయటి వెలుగు దానికి కొట్టుకుని తిరిగొస్తేనే అంకె కనిపిస్తుంది. 1973లో షార్ప్ ఈఎల్-805 లాంటి క్యాలిక్యులేటర్లలోకి ఎల్‌సీడీలు వచ్చింది అందుకే: అంతకుముందు ఎర్రగా వెలిగే అంకెలు బ్యాటరీని తాగేసేవి. మనం మళ్లీ దీపం పెట్టబోతున్నాం!

రేకు ఊడింది, దానితోపాటే వెనక పోలరైజరూ వచ్చేసింది. తెర వట్టి గాజైంది.

"అంకెలు పోయినయ్యేందిరా!" గుమస్తా గొంతు వణికింది.

కుర్రాడు మాట్లాడకుండా గాజు మీది జిగురు స్పిరిటుతో తుడిచి, టీవీ తెరలకు వేసే పోలరైజర్ షీటు ముక్క వెనక పెట్టాడు. అంకెలు తిరిగొచ్చాయి. ముక్కను మెల్లగా తిప్పాడు. పావుచుట్టు తిరిగేసరికి తెరంతా నల్లబడి అంకెలు తెల్లగా తేలాయి. అచ్చం బలపంతో రాసినట్టు.

"ఇట్టనే ఉంచు" అన్నాడు గుమస్తా. బేరం, ఆలోచన ఏమీ లేవు.

దీపం సంగతి తేలికే. తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టులు కావాలి, క్యాలిక్యులేటర్ సెల్లు ఇచ్చేది ఒకటిన్నరే. అందుకని పాత ఫోను బ్యాటరీ, 150 ఓం రెసిస్టర్, వేరే స్విచ్చి. ఎమిరీ కాగితంతో గరుకు చేసిన యాక్రిలిక్ ముక్క తెర వెనక, దాని రెండు కొసలకీ రెండు దీపాలు.

బిగించాక కుర్రాడు పన్నెండు ఎనిమిదులు కొట్టాడు. ఎనిమిదిలో అన్ని గీతలూ వెలగాలి గదా. మూడోదానికి ఎడమ పక్క రెండు గీతలూ లేవు, మూడులా కూర్చుంది. బోర్డుకూ గాజుకూ మధ్య ఉండే చారల రబ్బరు కాస్త పక్కకు జరిగిందట.

"ఎనిమిది వందలు మూడు వందలైతే మా ఓనరు నన్ను లారీకెత్తిస్తాడు" అన్నాడు గుమస్తా.

మళ్లీ విప్పి, రబ్బరు తుడిచి, గోటితో సరిగా కూర్చోబెట్టాడు. ఈసారి గుమస్తానే దుమ్ము వేలితో ఎనిమిది బొత్తం పన్నెండుసార్లు నొక్కి, ఒక్కొక్కటీ పైకి చదివాడు.