వానొస్తే మరో బెంగ!

దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏటా 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్పే. ఆ కాస్త వాన పడగానే గొర్రెల కాపరులకు కొత్త బెంగ... దోమలు! తడి పేడలో, బురదలో పుట్టే క్యూలికాయిడ్స్ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే. కానీ అవి కుడితే గొర్రెకు నీలినాలుక వ్యాధి రావచ్చు. మూతి వాచి, మేత ముట్టదు. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

అందుకే పొద్దుగూకితే మంద దగ్గర పచ్చి వేపాకు పొగ వేసి, కాపరి కంబళి కప్పుకుంటాడు. మిట్టమీద, గాలి ఆడేచోట మంద నిలిపితే బెడద తగ్గుతుంది. టీకా మాత్రం వానలకు ముందే వేయించాలి.

వాన రాకుంటే మేత లేదు. వస్తే దోమ. కాపరి కోరుకునేది మాత్రం వాననే!